రిమోట్ కెమెరాలు: ఆర్‌టీఎంపీలో 4 సెకన్ల లేటు, ఎస్ఆర్‌టీ పెడితే బొమ్మ పగిలిపోతోంది

స్విచ్చర్‌బాబు:
అందరికీ నమస్తే. మాది చిన్న టీమ్, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు లైవ్ చేస్తుంటాం. ఇన్నాళ్లూ స్విచ్చర్ (ఒక కెమెరా నుంచి ఇంకోదానికి కట్ చేసే మిషన్) కూడా స్పాట్‌కి మోసుకెళ్లేవాళ్లం, ఈసారి గ్రౌండ్‌లో 3 కెమెరాలు మాత్రమే పెట్టి మిక్సింగ్ అంతా ఆఫీసులో కూర్చుని చేద్దామని దిగాం. వీడియోని నెట్ మీద పంపడానికి మొదట వాడిన ఆర్‌టీఎంపీలో 4, 5 సెకన్ల లేటు, నేను ఫోన్లో "2 కొంచెం ఎడమకి తిప్పు" అనేసరికి అక్కడ గోల్ పడిపోయి వాళ్లు కౌగిలించుకోవడాలు కూడా అయిపోతున్నాయి. సరే అని ఎస్ఆర్‌టీ అనే ఇంకో పద్ధతికి మారా, రెండు వైపులా ఓబీఎస్ అనే లైవ్ సాఫ్ట్‌వేరే, పింగ్ (డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైమ్) 60 మిల్లీసెకన్ల దగ్గర ఉంది కదా అని యూఆర్ఎల్ చివర లేటెన్సీ=200 ఇచ్చా. బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతోంది, విచిత్రం ఏంటంటే లేటు మాత్రం ఇంకా 3 సెకన్ల దగ్గరే ఉంది. అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ వస్తోంది, ఒక్కో కెమెరాకి నేను పంపేది 6. ఎక్కడ తేడా కొడుతోంది? ఎన్‌డీఐ అనే ఇంకో పద్ధతికి మారిపోనా?

ప్యాకెట్‌పోయింది:
బ్రో, ఆ 200 దగ్గరే దొరికిపోయావు. ఓబీఎస్‌లో ఆ నంబర్ మైక్రోసెకన్లలో ఇవ్వాలి, మిల్లీసెకన్లలో కాదు. నువ్విచ్చింది సున్నా కిందే లెక్క. ఎస్ఆర్‌టీ యూడీపీ మీద, అంటే ప్యాకెట్ చేరిందో లేదో తనంతట తాను చూసుకోని పద్ధతి మీద నడుస్తుంది, దారిలో ప్యాకెట్ పోతే అవతలివాడు "ఇది రాలేదు, మళ్లీ పంపు" అని అడుగుతాడు, అది వచ్చేదాకా ఆగే టైమే ఈ లేటెన్సీ. నువ్వు ఆగే టైమే ఇవ్వలేదు కాబట్టి పోయింది పోయినట్టే, బొమ్మలో గళ్లు. మామూలుగా పింగ్‌కి 4 రెట్లు పెడతారు, నీకు 240 మిల్లీసెకన్లు, అంటే 240000. రెండు చివర్లలో ఏది ఎక్కువుంటే అదే తీసుకుంటుంది. లైన్ మరీ చెత్తగా ఉంటే ఇంకా పెంచాల్సిందే, తప్పదు.

ఇక ఆ 3 సెకన్లు ఎస్ఆర్‌టీది కాదు. ఆఫీసు ఓబీఎస్‌లో మీడియా సోర్స్ ఓపెన్ చేసి నెట్‌వర్క్ బఫరింగ్ చూడు, 2 ఎంబీ ఉంటుంది. 2 మెగాబైట్లంటే 16 మెగాబిట్లు, 6 ఎంబీపీఎస్‌లో అది నిండాలంటే రెండున్నర సెకన్ల పైనే పడుతుంది. సున్నా చేసెయ్. ఎన్‌కోడర్‌లో (వీడియోని కుదించే దాంట్లో) బీ ఫ్రేమ్స్ (ముందూ వెనకా ఫ్రేముల్ని చూసుకుని తయారయ్యేవి) 0, ట్యూన్ జీరోలేటెన్సీ పెట్టు. కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) 1 సెకనుకొకటి చేస్తే లేటు తగ్గదు గానీ బొమ్మ పగిలినా తొందరగా తేరుకుంటుంది.

ఎన్‌డీఐ జోలికి ఇప్పుడు వెళ్లకు. అది లోకల్ నెట్‌వర్క్ కోసం చేసింది, 1080పీ 60 ఫ్రేములకి ఫుల్ ఎన్‌డీఐ 100 ఎంబీపీఎస్ పైనే తింటుంది. ఆఫీసు లోపల ఒక పీసీ నుంచి ఇంకో పీసీకి పంపుకోడానికి వాడుకో, అక్కడ హాయిగా ఉంటుంది.

ఆడియోపిచ్చోడు:
పైన చెప్పిందంతా కరెక్టే, కానీ వీడియో అర సెకనుకి వచ్చినా ఆర్డర్ ఫోన్ కాల్‌లోనే ఇస్తానంటే ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకోవాలి, గోలగా ఉంటుంది. టాక్‌బ్యాక్‌కి (కెమెరామెన్‌కి ఆర్డర్లు చెప్పడానికి) వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లోనే మాట దాదాపు వెంటనే వెళ్లే పద్ధతి) వాడండి, వీడీఓ నింజా అనే సైట్‌లో ఒక రూమ్ ఓపెన్ చేసి కెమెరామెన్ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టిస్తే చాలు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. గ్రౌండ్‌లో కామెంటేటర్ కూడా ఉంటే ఆయనకి ప్రోగ్రామ్ సౌండ్ మొత్తం తిప్పి పంపొద్దు సార్, తన గొంతే అర సెకను తర్వాత చెవిలో పడితే ఎంత పెద్ద మాటకారైనా తడబడతాడు. ఆయన గొంతు తీసేసి మిగతాది మాత్రమే పంపాలి, మిక్స్ మైనస్ అంటారు దాన్ని. నేను ఒకసారి మర్చిపోయా, ఆయన మైక్ పడేసి వెళ్లిపోబోయాడు.

ఇంకోటి, గ్రౌండ్ సౌండ్ ఒక్క కెమెరా నుంచే తీసుకోండి, మూడింటి నుంచి తీస్తే డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది.

పోర్ట్‌ఓపెన్:
రేపు మొబైల్ డేటా మీద పంపాల్సి వస్తే గ్రౌండ్ వైపు ఎప్పుడూ కాలర్ మోడే (తనే వెళ్లి కనెక్ట్ అయ్యేది) పెట్టుకోండి, ఆఫీసు లిజనర్ (కనెక్షన్ కోసం ఎదురుచూసేది), కెమెరాకో యూడీపీ పోర్ట్. మొబైల్ నెట్‌వర్కుల్లో చాలాసార్లు మీకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, బయటివాళ్లు లోపలికి రాలేరు.

స్విచ్చర్‌బాబు:
సున్నాల దగ్గర పరువు పోయింది 🙏 240000 పెట్టి బఫరింగ్ తీసేశా, అర సెకను లోపే వస్తోంది, గళ్లు లేవు. కానీ 1 నుంచి 3కి కట్ చేస్తే బాల్ కొంచెం వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తోంది, నా కళ్లేనా?

ప్యాకెట్‌పోయింది:
కళ్లు కాదు. మూడు కెమెరాల్నీ ఒకే ఫోన్ స్టాప్‌వాచ్ వైపు తిప్పించు, ఆఫీసులో మల్టీవ్యూ (అన్ని కెమెరాలూ ఒకే స్క్రీన్‌లో కనిపించేది) స్క్రీన్‌షాట్ తియ్యి, మూడు బొమ్మల్లో అంకెలు పోల్చు.

స్విచ్చర్‌బాబు:
తీశా. 3వది 120 మిల్లీసెకన్లు వెనకుంది, దాన్లో స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉందట, మనోడు ట్రైపాడ్ లేకుండా చేత్తో పట్టుకుని తీస్తున్నాడు కాబట్టి ఆపనంటున్నాడు. మిగతా రెండిటికీ 360000 పెట్టేశా, ఈసారి సున్నాలు వేలు పెట్టి మరీ లెక్కపెట్టుకున్నా.