ముఖంలో నొప్పి మెదడుకు పోయే ముందు మెడదాకా ఎందుకు దిగుతుంది?

ఒంగోలు బీపీటీ:
ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) ప్రాక్టికల్స్‌కి చదువుతా ఒకచోట ఆగిపోయాను. ముఖం స్పర్శ, నొప్పి మోసే ట్రైజెమినల్ నరం పాన్స్ (మెదడు కాండం మధ్యభాగం) దగ్గర మెదడు కాండంలోకి పోతుంది, స్పర్శ, నొప్పి కబుర్లు మెదడు పైభాగానికి అందించే థలామస్ దానికి పైనుంది. ఇంతవరకు సరే. మరి నొప్పి, వేడి, చలి మోసే పోగులు పైకి పోకుండా మెడలో వెన్నుపాము దాకా ఎందుకు దిగుతాయి? ఇంకోటి, మోడల్ పేపర్లో ఒక కేసుంది. కుడి చెంప మీద సూది గుచ్చితే తెలీదు, దూది తాకితే తెలుస్తుంది. ఎడమ చెయ్యి, కాలు మీద కూడా సూది తెలీదు. నరాల దారిలో దెబ్బ ఒకచోటా, రెండుచోట్లా? పుస్తకంలో బొమ్మ చిక్కుపడ్డ నూలుకండెలా ఉంది.

నరాల పంతులు, నెల్లూరు:
దెబ్బ ఒక్కచోటే. కుడివైపు మెడుల్లాలో (మెదడు కాండం అడుగుభాగం), పక్కభాగాన.

బొమ్మ పక్కన పెట్టి మన రైలు లైను తలుచుకోండి. పైన ఒంగోలు, మధ్యలో కావలి, కింద నెల్లూరు. ఒంగోలు థలామస్ అనుకోండి, కావలి పాన్స్, నెల్లూరు మెడ మొదలు. ముఖం నుంచి వచ్చే పోగులన్నీ కావలిలోనే లైనెక్కుతాయి. సన్నటి స్పర్శ మోసేవి అక్కడే, ప్రధాన కేంద్రకంలో (కేంద్రకం అంటే నరకణాల గుంపు), బండి మారి, అంటే కబురు తర్వాతి నరకణానికి అందించి, చాలావరకు అవతలి పక్కకు దాటి ఒంగోలు పోతాయి. నొప్పి, వేడి, చలి మోసేవి మాత్రం బండి మారకుండా, పక్క దాటకుండా నెల్లూరు వైపు దిగుతాయి. మెడలో రెండో, మూడో వెన్నుపాము ఖండం దాకా పరుచుకున్న స్పైనల్ కేంద్రకంలో బండి మారి, అప్పుడు అవతలి పక్కకు దాటి, మొత్తం దూరం తిరిగి పైకెక్కుతాయి.

ఎందుకంత తిప్పట అంటే, ఒంట్లో నొప్పిని వడగట్టేది వెన్నుపాము వెనక కొమ్ము. స్పైనల్ కేంద్రకం అడుగుభాగం ఆ కొమ్ముకే పైకి సాగిన కొనసాగింపు. ముఖం నొప్పికీ ఒంటి నొప్పికీ ఒకే కౌంటరన్నమాట. మెడ పైభాగంలో నొప్పి పుడితే కంటి వెనకో నుదుటి మీదో సలిపినట్టుండేది ఇందుకే. మెడ నరాల పోగులూ, ముఖం నరం పోగులూ అక్కడ ఒకే కణాల మీద వాలతాయి.

ఇప్పుడు మీ కేసు. బిట్రగుంట దగ్గర కుడిపక్క పట్టా తెగిందనుకోండి. అక్కడ రెండు లైన్లు పక్కపక్కనే ఉంటాయి: కిందికి దిగుతున్న కుడి ముఖం లైను (ఇంకా దాటలేదు), గూడూరు వైపు నుంచి పైకొస్తున్న ఒంటి లైను (వెన్నుపాములోనే దాటేసింది, కాబట్టి అది ఎడమ ఒంటిది). ఒక్క దెబ్బకు కుడి ముఖం, ఎడమ ఒళ్ళు. స్పర్శ కావలిలోనే బండి మారిపోయింది గనక చెంప మీద దూది తెలుస్తుంది.

దీన్నే లేటరల్ మెడుల్లరీ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా వర్టిబ్రల్ ధమని గానీ, దాని కొమ్మ పైకా (PICA, చిన్నమెదడు అడుగుకు పోయే ధమని) గానీ మూసుకుపోతే వస్తుంది. మింగుడు పడకపోవడం, గొంతు బొంగురు, తల తిరగడం, కుడి కనురెప్ప వాలడం తోడుంటాయి. కాళ్ళూ చేతులూ పడిపోవు. అందుకే చాలామంది పైత్యమనుకుని పడుకోబెడతారు. మింగగలడో లేదో చూడకుండా నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మామూలు సీటీలో ఇది తరచూ కనపడదు, ఎంఆర్‌ఐ కావాలి.

కావలి ఫిజియో:
ప్రాక్టికల్‌కి ఇది పనికొస్తుంది. దూదిని పోగులాగా లాగి ఒక్కసారి ఆనించండి, రాయొద్దు. రాస్తే కితకిత పుట్టి జవాబు మారుతుంది. సూది ప్రతి మనిషికీ కొత్తది. వేడికి రెండు పరీక్ష నాళికలు: ఒకదాంట్లో చల్లనీళ్ళు, రెండోదాంట్లో 40 డిగ్రీల నీళ్ళు. 45 దాటితే అది వేడి కాదు, నొప్పి.

కళ్ళు మూయించండి. నుదురు, చెంప, గడ్డం (ట్రైజెమినల్ మొదటి, రెండో, మూడో కొమ్మలు), మూడూ మధ్యగీతకు దగ్గరగా, రెండు పక్కలా పోల్చి చూడండి. "తెలుస్తా ఉందా?" అని అడిగితే అందరూ ఆఁ అనే అంటారు. "రెండు పక్కలా ఒకేలా ఉందా?" అనడగండి. మధ్యమధ్యలో తాకకుండానే అడగండి, ఊరికే తలూపేవాళ్ళు దొరికిపోతారు.

తర్వాత సూదితో చెవి నుంచి పెదాల వైపు రండి. స్పైనల్ కేంద్రకంలో ముఖం ఉల్లిపాయ పొరల్లా ఉంటుంది: పెదాల చుట్టూ ఉన్నది పైన, చెవి వైపుది కింద. దెబ్బ కిందుంటే ముఖం అంచులు మొద్దుబారి మూతి చుట్టూ బాగుంటుంది.

పంటి గది:
ఒక తప్పు అందరూ చేస్తారు. దవడ మూల, చెవికింద ఎముక మలుపు, ట్రైజెమినల్‌ది కాదు. అది మెడ రెండో, మూడో నరాల నుంచొచ్చే గ్రేట్ ఆరిక్యులర్ నరానిది. అక్కడ గుచ్చి "మూడో కొమ్మ బాగుంది" అని రాస్తే మార్కులు పోతాయి. అటు మొదటి కొమ్మ నుదుటితో ఆగదు, నడినెత్తి దాకా పోతుంది. మొద్దుబారడం సరిగ్గా జుట్టు మొదలయ్యే గీత దగ్గర ఆగిపోయిందంటే అది నిజంగా నరం దెబ్బేనా అని అనుమానించాలి.

ఇంకో మాట. మొహం కడిగినా, బ్రష్ చేసినా, బండి మీద ఎదురుగాలి తగిలినా కరెంటు కొట్టినట్టు క్షణాల పాటు జివ్వుమనే నొప్పి ట్రైజెమినల్ న్యూరాల్జియా. ఎక్కువగా రక్తనాళం నరం వేరును పాన్స్ దగ్గర నొక్కడం వల్ల వస్తుంది. అది పళ్ళదనుకుని మంచి పళ్ళు పీకించుకుంటారు, నొప్పి పోదు. ఇందులో స్పర్శ మామూలుగానే ఉంటుంది. మొద్దు కూడా ఉంటే గడ్డ ఉందేమో స్కాన్ తీయాలి.

ఒంగోలు బీపీటీ:
రైలు లెక్క దిగింది. మరి మూతి మూల, అదే పక్క వేళ్ళు ఒకేసారి తిమ్మిరెక్కితే?

నరాల పంతులు, నెల్లూరు:
ఒంగోలు స్టేషన్లోనే చూడండి. థలామస్‌లో మూతి, చెయ్యి పక్కపక్క ప్లాట్‌ఫారాల మీదుంటాయి, చిన్న దెబ్బకు రెండూ కలిసి పోతాయి. కార్టెక్స్‌లోనూ (మెదడు పైపొర) అవి ఇరుగుపొరుగే కాబట్టి అక్కడి దెబ్బా ఇలాగే కనిపించొచ్చు. దెబ్బ ఎదురుపక్కనుంటుంది, ఎందుకంటే ఇక్కడికి వచ్చేసరికి రెండు లైన్లూ దాటేశాయి. హఠాత్తుగా వస్తే అది స్ట్రోక్ కావచ్చు, రాత్రైనా సరే 108కి చెయ్యండి. గడ్డకట్టిన రక్తం కరిగించే మందు మామూలుగా 4.5 గంటల్లోపు ఇవ్వాలి.