అప్‌డేట్: 40 మీటర్ల హామ్ రేడియో బ్యాండుకి కట్టిన డైపోల్ యాంటెన్నా దారికొచ్చింది

డాబా మీద ఇన్వర్టెడ్ వీ (మధ్యలో ఎత్తుగా, చివర్లు కిందికి వాలేలా కట్టే డైపోల్) కట్టాను, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరుంటే మంచిది) 3 దాటుతోంది, దాన్ని సర్దే ట్యూనర్ కొనాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ముందు ఎనలైజర్ (యాంటెన్నాని కొలిచే పరికరం) పెట్టి చూడమని మీరన్నారు. ట్యూనర్ అవసరమే రాలేదు.

స్నేహితుడి దగ్గర నానోవీఎన్ఏ అనే చిన్న ఎనలైజర్ తెచ్చాను. స్వీప్ (కొలిచే ఫ్రీక్వెన్సీల రేంజి) 6.5 నుంచి 7.5 మెగాహెర్ట్జ్ వరకు పెట్టి, ఆ రేంజికే ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు ముక్కలు తగిలించి మీటరుకి క్యాలిబ్రేషన్ చేశాను. గ్రాఫ్ చూడగానే సంగతి తెలిసిపోయింది: డిప్, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికంటే తగ్గే చోటు, 7.1కి కింద 6.86 దగ్గర ఉంది. అంటే వైరు పొడుగెక్కువ.

కానీ యాంటెన్నాకి వెళ్లే కోయాక్స్ కేబుల్‌ని చేత్తో పట్టుకుంటే చాలు, ఆ డిప్ పక్కకి జరిగిపోయేది. కేబుల్‌లోని లోహపు అల్లిక బయటివైపు కూడా కరెంటు పారుతోందన్నమాట. ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నాకి కలిసే చోటు) దగ్గర ఫెరైట్ రింగుకి కోయాక్స్ చుట్టి, ఆ కరెంటుని ఆపే చోక్ పెట్టాక రీడింగు నిలబడింది. ఇది చెయ్యకుండా వైరు ముట్టుకోవద్దని చెప్పిన పెద్దాయనకి నిజంగా రుణపడి ఉంటాను.

తర్వాత లెక్క తేలికే. వైరు మొత్తం పొడుగు 20.8 మీటర్లు ఇంటూ 6.86, బై 7.1. దాదాపు 20.1 వచ్చింది. రెండు వైపులా 35 సెంటీమీటర్ల చొప్పున తగ్గించాలి. కత్తిరించలేదు, చివర్లు వెనక్కి మడిచి అదే వైరుకి బిగించి చుట్టాను. ఇప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ 7.1 దగ్గర 1.2, బ్యాండు అంచులైన 7.0, 7.2 దగ్గర 1.7 లోపే.

వానాకాలంలో తడిసిన వైరుతో మళ్లీ స్వీప్ తీసి ఆ గ్రాఫ్ కూడా పెడతాను. అందరికీ 73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).