ఊరి సైనిక స్మారకం మీద ఎవరి పేర్లు చెక్కాలి? ప్రాణాలిచ్చినవాళ్లవేనా, పనిచేసిన అందరివీనా?

కొండవీటి వాసి

మాది గుంటూరు వైపు పల్లె. ఊరికి సైనిక స్మారకం కట్టాలని గ్రామసభలో తీర్మానం చేశారు. చందాలు బాగానే వచ్చాయి, నల్ల గ్రానైట్ రాయి కూడా బేరం అయిపోయింది. పేర్ల దగ్గరకొచ్చేసరికి కమిటీ రెండుగా చీలింది. సర్వీసులో ఉండగా చనిపోయిన ముగ్గురి పేర్లే చెక్కాలని సగం మంది పట్టు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ ఉండాలని మిగతా సగం. నేను ఈ రెండో వైపు ఉన్నాను. ఈ గ్రూపులో మాజీ సైనికులు, వాళ్ల ఇళ్లవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, మీ ఊళ్లలో ఏం చేశారు?

నా వాదన ఇది. ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు రాసిపెట్టే పని దేశం చేస్తోంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం తర్వాత అమరులైన పాతిక వేల మందికి పైగా సైనికుల పేర్లు గ్రానైట్ మీద ఉన్నాయి. ఇంకా పాతకాలం వాళ్లవి ఇండియా గేట్ మీద ఉన్నాయి. మరి పదిహేడేళ్లు లేహ్‌లో, తవాంగ్‌లో, బికనీర్ ఎండల్లో కాపలా కాసి, ఇంటికొచ్చి, బ్యాంకు గార్డుగా చేరి, ఒకరోజు మామూలుగా కన్నుమూసిన మనిషి సంగతి? ఆయన్ని ఊరు రాసుకోకపోతే ఇంకెవరూ రాసుకోరు.

మా పెదనాన్న మద్రాస్ సాపర్స్‌లో, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళంలో పనిచేశారు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో బసంతర్ నది దగ్గర మన ట్యాంకులకు దారి చెయ్యడానికి మందుపాతరలు తీసిన రెజిమెంట్ ఆయనది. ఆయన పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో చుట్టిన డిశ్చార్జ్ బుక్ దొరికింది. అంచులు పసుపెక్కాయి, ఫొటో మీద రబ్బరు స్టాంపు సగం చెరిగింది. నడవడిక అన్న చోట 'ఎగ్జెంప్లరీ' అని చేత్తో రాసి ఉంది. ఊళ్లో ఆయన పనికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే. మా తర్వాతి తరం ఆ పెట్టెను అటక మీద నుంచి దింపుతుందన్న నమ్మకం నాకు లేదు.

పాతవాళ్లు చేసిన పద్ధతి కూడా చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్లు మన దేశంలో చాలా ఊళ్లలో చిన్న పలకలు పెట్టారు. 'ఈ గ్రామం నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు' అని వాటి మీద ఉంటుంది. వెళ్లినవాళ్లు, పోయినవాళ్లు ఇద్దరూ లెక్కలోకి వచ్చారు. కానీ పేర్లు లేవు. వందేళ్లకు ఆ పలకలు అంకెలుగా మిగిలాయి, అందులో తన ముత్తాత ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. అదే తప్పు మనం మళ్లీ చెయ్యొద్దంటున్నాను.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మీకందరికీ తెలిసిందే. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని ఆ ఊరివాళ్లు చెబుతారు. అది మిలటరీ మాధవరం అయ్యింది చనిపోయినవాళ్ల వల్ల ఒక్కటే కాదు. ఇంటింటి నుంచీ వెళ్లారు కాబట్టి అయ్యింది.

వీరుడి తమ్ముడు

మీ పెదనాన్నగారికి నమస్కారం. కానీ నేను ఒప్పుకోను.

మా అన్న కశ్మీర్‌లోని కుప్వారాలో చనిపోయాడు. అప్పటికి ఇరవై ఆరేళ్లు. పెళ్లిచూపులు చూసి వెళ్లాడు. మా ఊళ్లో కూడా ఇలాంటి స్తూపమే కట్టారు, 'అందరినీ కలుపుకుపోదాం' అని 60కి పైగా పేర్లు ఎక్కించారు. అన్న పేరు మూడో వరుసలో, కింది నుంచి ఐదోది. మా అమ్మ చదువుకోలేదు. ప్రతిసారీ నేను పక్కన నిలబడి వేలు పెట్టి చూపించాలి. కొడుకు పేరు కన్నతల్లి వెతుక్కోవాల్సి వస్తే ఆ రాయి ఎవరి కోసం కట్టినట్టు?

రిటైరైనవాళ్లంటే నాకు ఈర్ష్య లేదు. వాళ్లకు పెన్షన్ ఉంది, క్యాంటీన్ ఉంది, ఈసీహెచ్‌ఎస్ ఆసుపత్రి ఉంది, అన్నిటికన్నా మించి వాళ్లు మనవళ్లను ఎత్తుకున్నారు. మా అన్నకు మిగిలింది ఆ రాయి ఒక్కటే. అందులో కూడా వాటా అడిగితే నాకు బాధగా ఉంటుంది.

ఇంకొకటి. ట్రైనింగ్ మధ్యలో పారిపోయి వచ్చినవాడి పేరు, శిక్షపడి బయటికొచ్చినవాడి పేరు కూడా మా స్తూపం మీద ఉన్నాయి. అడిగితే 'ఊళ్లో గొడవలెందుకు' అన్నారు.

మాజీ హవల్దార్, ఈఎంఈ

తమ్ముడూ, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. 24 ఏళ్లు చేశాను. నా పేరు ఏ రాయి మీదా అక్కర్లేదు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

కానీ 'యుద్ధంలో చనిపోయినవాళ్లే' అని గీత గీసే ముందు ఒక్క మాట. సైన్యం తన కాగితాల్లో శత్రువు చేతిలో పోవడాన్ని, ప్రమాదంలోనో జబ్బుతోనో పోవడాన్ని వేరువేరుగా రాస్తుంది. పరిహారాల లెక్కకు అది కావాలేమో, ఊరి రాయికి పనికిరాదు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు చరియ కింద 19వ మద్రాస్ బెటాలియన్ వాళ్లు పది మంది పోయారు. అందులో అప్పటి కర్నూలు జిల్లా కుర్రాడు ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. 2021 డిసెంబరు 8న అప్పటి త్రివిధ దళాధిపతి జనరల్ రావత్ గారి హెలికాప్టర్ కూలినప్పుడు అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలానికి చెందిన సాయితేజ పోయాడు. తుపాకీ గుండు తగల్లేదని వీళ్లను పక్కన పెట్టే కమిటీ ఎక్కడైనా ఉంటే నేను చందా ఇవ్వను.

మా యూనిట్‌లో ఒకతను గ్లేసియర్ డ్యూటీలో కాలి వేళ్లు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. ఊళ్లో అందరూ చలికి అలా అయిందట అని తేలిగ్గా అనేవాళ్లు. ఆయన బతికే ఉన్నాడు, ఆయనది ఏ పక్షం?

సీఆర్‌పీఎఫ్ ఇల్లాలు

మూడు దళాలు అన్నారు చూశారా, అక్కడే మేము ఆగిపోయాం. మా ఆయన సీఆర్‌పీఎఫ్. 2010 ఏప్రిల్ 6న దంతెవాడలో మావోయిస్టుల దాడిలో ఒక్క పూటలో 76 మంది పోయిన రోజు ఆయన పక్క క్యాంపులో ఉన్నారు. మూడు రోజులు ఫోన్ కలవలేదు. నేను, అత్తయ్య టీవీ ముందు నుంచి లేవలేదు. పుల్వామాలో పోయిన 40 మందీ సీఆర్‌పీఎఫ్ వాళ్లే. మా ఊరి సెంటర్లో ఆ రోజు కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్లే స్తూపం కట్టేటప్పుడు 'మీది హోంశాఖ కదమ్మా' అన్నారు.

విశాఖ తీరం

అమ్మా, మీ బాధ న్యాయమే. కానీ సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ కలిపితే రేపు పోలీసులు అడుగుతారు, తర్వాత హోంగార్డులు, అగ్నిమాపకం. ఎక్కడో ఒకచోట ఆపాలి కదా. పోలీసు బలగాలకు ఢిల్లీ చాణక్యపురిలో 2018 అక్టోబరు 21న వేరే జాతీయ స్మారకం ప్రారంభించారు, 34,844 పేర్లతో. దేశమే వేరువేరుగా పెట్టింది.

కొండవీటి వాసి

విశాఖ తీరం గారూ, ఢిల్లీలో స్థలం ఉంది, రెండు కట్టుకున్నారు. మా ఊళ్లో హైస్కూలు గేటు పక్కన రెండు సెంట్లు ఉంది. మా ఊరి నుంచి బీఎస్‌ఎఫ్‌కు వెళ్లినవాళ్లు నలుగురు, సీఆర్‌పీఎఫ్‌కు ఆరుగురు. ఏ శాఖ జీతం ఇచ్చిందని కాదు, దేశం పంపిన చోట ఆయుధం పట్టుకుని నిలబడ్డారా లేదా అని చూడమంటాను. ఇది మొదట్లో నా జాబితాలో లేదు, ఇప్పుడు చేరుస్తున్నాను.

ఎడిసన్ తెలుగు

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడ చిన్న టౌన్లలో కూడా సైనిక స్మారకం ఉంటుంది, టౌన్ హాల్ ముందో లైబ్రరీ ముందో. చాలాచోట్ల ఆ టౌన్ నుంచి యుద్ధానికి వెళ్లినవాళ్లందరి పేర్లూ అక్షర క్రమంలో రాసి, చనిపోయినవాళ్ల పేరు పక్కన నక్షత్రం పెడతారు. దూరం నుంచే నక్షత్రాలు కనిపిస్తాయి. వాషింగ్టన్‌లో వియత్నాం గోడ మాత్రం పోయినవాళ్లకూ, ఆచూకీ దొరకనివాళ్లకూ మాత్రమే. 58 వేలకు పైగా పేర్లు, నల్ల రాయి. అక్కడ జనం పేరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని వెళతారు. అంటే దేశం గోడ ఒక రకం, ఊరి గోడ ఇంకో రకం. కొండవీటి వాసి గారు అంటున్నదీ ఇదే అనుకుంటాను.

ఇక్కడి టౌన్ల స్మారకాల్లో చాలా వాటి మీద అమెరికా ఐదు దళాల ముద్రలు చెక్కి ఉంటాయి. 2019 డిసెంబరులో స్పేస్ ఫోర్స్ ఏర్పడ్డాక ఆరోది ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. కాబట్టి ఖాళీ వదలండి. రాయి నిండిపోతే తర్వాతివాళ్లకు చోటుండదు.

ఒక హెచ్చరిక కూడా. ఇక్కడ డబ్బు కట్టినవాళ్ల పేరుతో ఇటుకలు పరిచే పద్ధతి ఉంది. స్తోమత ఉన్న ఇంటివాళ్లకే ఇటుక దొరుకుతుంది. మన దగ్గర అది అసలు మొదలుపెట్టొద్దు.

అగ్నివీర్ బ్యాచ్

అన్నా, నాది చిన్న ప్రశ్న. కమిటీ వాళ్లు మాజీ సైనికుడి కార్డు చూపిస్తేనే పేరు అంటే మేమెక్కడ? నాలుగేళ్లకు బయటికొచ్చే అగ్నివీరులకు మాజీ సైనికుల హోదా లేదు. 2025 మే 9న సరిహద్దులో కాల్పుల్లో పోయిన మురళీ నాయక్ అగ్నివీరుడే. గోరంట్ల మండలం కల్లితండా. మా గదిలో అందరం ఆ రోజు అన్నం తినలేదు. చావులో తేడా లేనప్పుడు నాలుగేళ్ల పనిలో తేడా ఎందుకు?

మాజీ హవల్దార్, ఈఎంఈ

కార్డు అడగొద్దు. డిశ్చార్జ్ కాగితం అడగండి. వేసుకున్న యూనిఫామ్‌కు అది చాలు. వీరుడి తమ్ముడు చెప్పిన పారిపోయినవాళ్ల సంగతి కూడా అందులోనే తేలిపోతుంది, ఏ కారణంతో పంపించారో అందులో ఉంటుంది. అనుమానం వస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగొచ్చు.

పంచాయతీ కొలువు

స్థలం గురించి ఎవరూ మాట్లాడలేదు. రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బస్టాండు సెంటరులో కట్టి తర్వాత రోడ్డు వెడల్పు చేస్తే స్తూపాన్ని క్రేన్‌తో లేపుతారు, చూడలేం. హైస్కూలు గేటు లోపల అయితే మంచిది, విద్యాశాఖ నుంచి రాతపూర్వక అనుమతి ముందే తెచ్చుకోండి.

విశాఖ తీరం

నేనొకటి చెబుతా. ఇక్కడ ఆర్కే బీచ్‌లో 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన 'విక్టరీ ఎట్ సీ' ఉంది. మామూలు రోజుల్లో జనం దాని ముందు ఫొటోలు దిగుతారు, మొక్కజొన్న పొత్తులు తింటారు. కానీ డిసెంబరు 4న నేవీ వాళ్లు వచ్చి పుష్పగుచ్ఛం పెట్టి నిలబడినప్పుడు అది వేరే చోటైపోతుంది. పిల్లలు 'ఎందుకు నాన్నా' అని అడిగేది ఆ రోజే. మీ ఊరికి కూడా ఒక రోజు పెట్టుకోండి. జనవరి 14 మాజీ సైనికుల దినం, 1953లో జనరల్ కరియప్ప పదవీ విరమణ చేసిన రోజు. మనకు అది భోగో సంక్రాంతో అవుతుంది. హైదరాబాద్, బెంగళూరు, అమెరికా నుంచి అందరూ ఊళ్లోనే ఉంటారు. అంతకన్నా మంచి రోజు దొరకదు.

కొండవీటి వాసి

జనవరి 14 మాట ఈరోజే కమిటీకి చెబుతాను.

తమ్ముడూ (వీరుడి తమ్ముడు), నువ్వు రాసింది మా వాళ్లకు చదివి వినిపించాను. అందరి పేర్లూ ఒకే వరుసలో పెడితే ఏమవుతుందో నువ్వు చెప్పేదాకా మాలో ఎవరికీ తట్టలేదు. అందుకే ఇలా మార్చి అడుగుతున్నాను. రాయికి నాలుగు ముఖాలు. గేటు వైపు ముఖం మీద ఆ ముగ్గురే. పేరు, వయసు, రెజిమెంట్, చనిపోయిన చోటు, తేదీ. అక్షరాలు గేటు బయటి నుంచి కనిపించేంత పెద్దవి, ముగ్గురి ఫొటోలూ రాతి మీదే చెక్కించాలి, చదువు రాని తల్లి కూడా తన కొడుకును తానే గుర్తుపట్టాలి. ఆ ముఖం మీద ఇంకెవరి పేరూ ఎప్పటికీ రాదు. మిగతావాళ్లు పక్క ముఖాల మీద, హోదాల వరుస కాకుండా చేరిన సంవత్సరం వరుసలో. సుబేదారైనా సిపాయైనా ఒకే సైజు అక్షరాలు. వెనక ముఖం ఖాళీ.

వీరుడి తమ్ముడు

ఫొటో మాట బాగుంది అన్నా. మా ఊరి స్తూపానికి కూడా అది చేయించమని అడుగుతాను, ఖర్చు నేనే పెట్టుకుంటాను.

అయినా నా ఓటు ఇప్పటికీ రెండు వేరు రాళ్లకే. పక్క ముఖమైనా అదే రాయి కదా. మీ గ్రామసభ ఒప్పుకుంటే మీ ఇష్టం, మీ ఊరు మీది.

కానీ ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి. మా దగ్గర ఆవిష్కరణ శిలాఫలకం స్తూపానికే అతికించారు. ముఖ్య అతిథి పేరు, అధ్యక్షుల పేరు, దాతల పేర్లు, ఇచ్చిన మొత్తాలతో సహా. మా అన్న పేరు కన్నా అవే పెద్ద అక్షరాలు. దాతల జాబితా పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టుకోండి, ప్రారంభించినవాళ్ల ఫలకం కాంపౌండు గోడకు పెట్టుకోండి. ఆ రాయి మీద మాత్రం యూనిఫామ్ వేసుకోనివాళ్ల పేరు ఒక్కటి కూడా రానివ్వొద్దు. ఈ మాట తీర్మానంలోనే రాయించండి, ఆవిష్కరణకు నాలుగు రోజుల ముందు అడిగితే ఎవరూ వినరు.

కొండవీటి వాసి

ఆదివారం గ్రామసభ ఉంది. అది మొదటి అంశంగా పెట్టిస్తాను.