డీజిల్ పికప్ ఇంజిన్ ఆయిల్: మాన్యువల్ గడువు దాకా ఆగాలా, సగంలోనే మార్చేయాలా?

రహదారి

డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కామన్ రెయిల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందే) పికప్‌లకు చాలా మాన్యువల్స్‌లో ఆయిల్ గడువు 10,000 నుంచి 20,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. మెకానిక్‌లను అడిగితే మాత్రం 5,000 దాటనివ్వొద్దు అనేవాళ్లే ఎక్కువ. ఇది రెండు నుంచి నాలుగింతల తేడా. మీరు ఏ పక్షమైనా సరే, ఆయిల్‌లో అసలు ఏం పాడవుతుందో, ఎందుకు పాడవుతుందో చెప్పి మరీ వాదించండి. "ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం" అన్నది కారణం కాదు.

సంప్‌గార్డ్

నేను మాన్యువల్ పక్షం. 5,000 వాదనకు ముఖ్య ఆధారం ఆయిల్ రంగు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసి రేణువులు ముద్దకట్టకుండా ఆయిల్‌లోని డిస్పర్సెంట్ వాటిని విడివిడిగా పట్టి ఉంచుతోందని ఆ నలుపు చెబుతుంది. అంటే ఆయిల్ తన పని తాను చేస్తోంది. వేళ్ల మధ్య రుద్ది "జిగురు పోయింది" అనడమూ అంతే, వేడి ఆయిల్ ఏదైనా పలచగానే తగులుతుంది.

రెండోది గంధకం. ఇంధనంలోని గంధకం కాలి ఆమ్లంగా మారుతుంది, దాన్ని విరవడానికి ఆయిల్‌లో క్షారగుణం ఉంటుంది. అది ఎంత మిగిలిందో చెప్పే అంకె టీబీఎన్. డీజిల్‌లో గంధకం వేల పీపీఎంలలో (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క) ఉన్న కాలంలో టీబీఎన్ గబగబా కరిగిపోయేది. 10, 15 పీపీఎం మించని డీజిల్ వాడేచోట ఆ ఒత్తిడి చాలావరకు లేదు. 5,000 నియమం ఆ పాత డీజిల్‌కీ, పాత మినరల్ ఆయిల్‌కీ పుట్టింది.

ఇక మార్చిన ప్రతిసారీ పొరపాటుకు ఒక అవకాశం ఇచ్చినట్టే. డ్రెయిన్ బోల్ట్ మర పోతుంది, రాగి వాషర్ పాతదే మళ్లీ పడుతుంది. అన్నిటికన్నా ప్రమాదం, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోవడం. చూసుకోకుండా దానిమీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి నిమిషాల్లో ఆయిలంతా చిమ్మేస్తుంది.

నాలుగోగేరు

సంప్‌గార్డ్ గారూ, మాన్యువల్ పాటించాలంటే ఆ రెండో పట్టిక కూడా పాటించాలి కదా. గడువు పట్టిక పక్కనే, లేదా తర్వాతి పేజీలో, కఠిన వాడకం అని ఇంకో పట్టిక ఉంటుంది. దుమ్ము దారులు, ట్రైలర్, నిండు లోడు, గంటల తరబడి ఐడ్లింగ్, ఇంజిన్ వేడెక్కకముందే ఆగిపోయే చిన్న ట్రిప్పులు అందులో ఉంటాయి. అక్కడ గడువు చాలాసార్లు సగానికి సగం. పికప్ కొనేదే ఆ పనులకు. మామూలు పట్టిక వర్తించే పికప్‌లు ఎన్ని ఉంటాయి?

కిలోమీటర్లతో లెక్కేయడంలోనే ఒక తిరకాసు ఉంది. ఓడోమీటర్ 6,000 కిలోమీటర్లు, ఇంజిన్ అవర్ మీటర్ 400 గంటలు చూపిస్తోందనుకోండి. సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లు. అదే 400 గంటలు హైవే మీద 60 సగటుతో తిరిగితే 24,000 అయ్యేది. కిలోమీటర్లు చూస్తే మొదటి బండి ఆయిల్ కుర్రది, గంటలు చూస్తే రెండూ ఒకే వయసువి. పైగా ఐడ్లింగ్‌లో దహనం సరిగా ఉండదు, ఆయిల్ వేడీ పూర్తిగా ఎక్కదు. అవర్ మీటర్ లేకపోతే ఒక గంట ఐడ్లింగ్‌ను 40 కిలోమీటర్ల కింద కలుపుకోవడం ఒక మోటు లెక్క, కానీ పనికొస్తుంది.

నూనెచుక్క

ఇద్దరూ మసి దగ్గరా గంటల దగ్గరా ఆగిపోయారు. డీపీఎఫ్ ఇంజిన్‌లో ఆయిల్‌ను ముందుగా చంపేది ఆయిల్‌లో కలిసే డీజిల్.

డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి ఎగ్జాస్ట్‌ను దాదాపు 600 డిగ్రీలకు తేవాలి. అందుకోసం ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) దహనం అయ్యాక, పిస్టన్ కిందికి దిగుతుండగా ఇంకొంచెం డీజిల్ చిమ్మిస్తుంది. అది సిలిండర్ లోపల కాలడానికి కాదు, ఆవిరై ఎగ్జాస్ట్‌లోకి పోయి అక్కడ మండడానికి. అయితే ఆ సమయానికి సిలిండర్ గోడ చాలా మేర బయటపడి ఉంటుంది. కొంత డీజిల్ గోడకు తగిలి, అక్కడి ఆయిల్ పొరను కడిగేస్తూ రింగుల పక్క నుంచి సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగుతుంది. పెట్రోల్ అయితే ఆయిల్ బాగా వేడెక్కినప్పుడు చాలావరకు ఆవిరైపోతుంది. డీజిల్ మరగడం మొదలయ్యేదే సుమారు 180 డిగ్రీల దగ్గర, కాబట్టి దిగింది దిగినట్టే ఉండిపోతుంది. ఎగ్జాస్ట్ గొట్టంలోనే చిమ్మే వేరే ఇంజెక్టర్ ఉన్న ఇంజిన్లకు ఈ బెడద తక్కువ.

ఇలా మసిని కాల్చే పనినే రీజెనరేషన్ అంటారు. దాని మధ్యలో బండి ఆపేస్తే నష్టం రెట్టింపు. చిమ్మిన డీజిల్ సంప్‌లోకి పోయింది, మసి మాత్రం కాలలేదు. మళ్లీ మొదటి నుంచి చిమ్మాలి. ఐడ్లింగ్ కొంచెం పెరగడం, ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉండడం, ఉన్నట్టుండి మైలేజీ పడిపోవడం, కింద నుంచి ఘాటైన వేడి వాసన రావడం దాని గుర్తులు. అవి కనిపిస్తే కీ తీయకుండా ఇంకో 15, 20 నిమిషాలు నిలకడ వేగంతో నడిపితే పని పూర్తవుతుంది.

సంప్‌లో చేరిన డీజిల్‌ను పట్టిచ్చేది డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే పుల్ల. సమతలమైన చోట, వేడి ఇంజిన్ ఆపి 10 నిమిషాలయ్యాక, తుడిచి రెండుసార్లు చూడాలి. 7 లీటర్ల సంప్‌లో 5 శాతం డీజిల్ అంటే 350 మిల్లీలీటర్లు. పుల్ల మీది కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య 20 మిల్లీమీటర్ల దూరానికి ఒక లీటరు పట్టే ఇంజిన్‌లో లెవెల్ 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కంటికి స్పష్టంగా తెలిసే తేడా ఇది. గరిష్ఠ గీత దాటితే కిలోమీటర్లు ఎన్నయినా వెంటనే మార్చాల్సిందే. ఎక్కువైంది మాత్రం సిరంజితో లాగేసి సరిపెట్టుకోకండి, లోపల మిగిలేది కూడా అదే కల్తీ ఆయిల్. పట్టించుకోకుండా వదిలేస్తే ఆయిల్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే గొట్టం) గుండా ఇన్‌టేక్‌లోకి చేరి, కీ తీసినా ఇంజిన్ ఆగని పరిస్థితి కూడా రావచ్చు.

లెవెల్ తగ్గట్లేదని సంతోషించేవాళ్లకు ఇంకో మాట. ఇంజిన్ తాగేసిన ఆయిల్ స్థానంలో అంతే డీజిల్ చేరుతూ ఉండవచ్చు. వేల కిలోమీటర్లు తిరిగినా గీత కదలకపోతే ఒక చుక్క ఫిల్టర్ కాగితం మీద వేసి కొన్ని గంటలు వదలండి. నల్లటి నడిమి మచ్చ చుట్టూ పారదర్శకమైన జిడ్డు వలయం వెడల్పుగా పాకితే అందులో డీజిల్ ఉన్నట్టు అనుమానించాలి.

సంప్‌గార్డ్

లెవెల్ పెరిగితే గడువు చూడకూడదన్నది ఒప్పుకుంటున్నాను. అది మాన్యువల్స్‌లోనూ ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. కానీ అందరికీ 5,000 అనడానికి అది కారణం కాదు. హైవే మీద నిలకడగా తిరిగే బండిలో ఎగ్జాస్ట్ వేడికే కొంత మసి కాలిపోతుంది, మొదలైన రీజెనరేషన్ పూర్తవుతుంది, లెవెల్ కదలదు.

త్వరత్వరగా మార్చేవాళ్లలో నాకు కనిపించే అసలు తప్పు వేరే. "ఎలాగూ 5,000కే మారుస్తున్నాం" అని డబ్బాలో ఏది ఉంటే అది పోసేస్తారు. డీపీఎఫ్ ఇంజిన్‌కు బూడిద తక్కువ ఉండే ఆయిలే పోయాలి. డబ్బా మీద ఉండే నాణ్యతా ప్రమాణాల్లో యూరప్‌వారి ఏసీఈఏ సీ3 రకంలో సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ కాలాక మిగిలే బూడిద) 0.8 శాతం మించదు, అమెరికావారి ఏపీఐ సీకే-4లో 1 శాతం. పాత సీఐ-4 ఆయిళ్లలో అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. మసి కాలుతుంది కానీ బూడిద కాలదు, ఎన్ని రీజెనరేషన్లు చేసినా డీపీఎఫ్ గదుల్లో అలాగే కూర్చుంటుంది. సరైన ఆయిల్ 15,000 వాడడం, తప్పు ఆయిల్ 5,000కోసారి మార్చడం కన్నా మేలు.

బేరింగ్

ఆయిల్ పరీక్ష చేయిస్తే ఈ వాదనలో సగం తీరిపోతుంది. ఒకే బండికి 5,000 దగ్గర ఒక నమూనా, 7,500 దగ్గర ఇంకోటి తీయండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ గొట్టంలోంచి కొత్త ప్లాస్టిక్ ట్యూబు దించి పంపుతో లాగాలి. డ్రెయిన్ చేసేటప్పుడైతే మొదట వచ్చే అడుగు మడ్డి వదిలేసి, ధార సగంలో ఉండగా శుభ్రమైన సీసాలో పట్టాలి.

రిపోర్టులో ముందు చూడాల్సింది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. 5డబ్ల్యూ-30 గ్రేడు ఆయిల్‌కి అది 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలమానం) మధ్య ఉండాలి. అంతకంటే కిందికి జారి, డీజిల్ శాతం కూడా ఎక్కువగా ఉంటే నూనెచుక్క గారు చెప్పిన జబ్బే. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ లీకవుతోందేమో చూడాలి.

సిలికాన్, అల్యూమినియం రెండూ కలిసి పెరిగితే దుమ్ము లోపలికి పోతోందని అర్థం. సిలికాన్ ఒక్కటే పెరిగితే ఈమధ్య వాడిన గాస్కెట్ సీలెంట్ నుంచి వచ్చి ఉండొచ్చు. దుమ్ము కేసయితే ఆయిల్ 3,000కే మార్చినా లాభం లేదు. ఎయిర్ ఫిల్టర్ దాటాక టర్బో వైపు వెళ్లే గొట్టం విప్పి, లోపల తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకు సన్నటి మట్టి పొడి అంటితే ఫిల్టర్ అంచు సరిగా కూర్చోలేదు, లేదంటే క్లాంప్ వదులైంది, కాకపోతే గొట్టం పగిలింది. పేపర్ ఫిల్టర్‌ను ఎక్కువ ఒత్తిడి గాలితో ఊదడం కూడా ఒక కారణమే. కంటికి కనపడని చిరుగులు పడి, ఫిల్టర్ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పని మాత్రం చేయదు.

రహదారి

ఇంధన ఫిల్టర్ విషయంలో కూడా ఇంతే తేడా ఉందా?

నాలుగోగేరు

అందులో వాదనే అనవసరం, గడువు దాటనివ్వకూడదు. రెయిల్‌లో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్ దాకా పోతుంది, ఇంజెక్టర్ లోపలి సందులు కొద్ది మైక్రాన్లు. నీటి బొట్టు వెళ్లినా తుప్పు, గీతలు తప్పవు. వాటర్ సెపరేటర్ కింది మరను నెలకోసారి వదులుచేసి గాజు సీసాలో కొంచెం పట్టండి. కాసేపు కదపకుండా ఉంచితే నీరు అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. డీజిల్ ఒక్కటే వచ్చేదాకా వదిలి బిగించాలి.

కొత్త ఫిల్టర్ మధ్య రంధ్రంలో డీజిల్ పోసి నింపే అలవాటు మానుకోవాలి. ఫిల్టర్ దాటాక ఇంధనం వెళ్లే దారి అది, పోసిందాంట్లోని చెత్త నేరుగా హై ప్రెషర్ పంపుకు పోతుంది. చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. లేకపోతే లిఫ్ట్ పంపు తిరిగేలా కీ నాలుగైదుసార్లు ఆన్ చేసి ఆపాక స్టార్ట్ చేయండి. గాలి తీయడానికి హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేయడం పాత పంపుల పద్ధతి, కామన్ రెయిల్‌లో ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

నూనెచుక్క

పరీక్ష వీలుకానివాళ్లు ఆయిల్ మార్చిన రోజే లెవెల్ ఎక్కడుందో, కిలోమీటర్లు, గంటలు ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి. ప్రతి 1,000కి మళ్లీ చూసి కింద రాయండి. గీత పైకి పాకుతుంటే 5,000 కూడా ఎక్కువే కావచ్చు. చిన్న ట్రిప్పుల బండికి నేను సగం గడువే చెబుతాను.

సంప్‌గార్డ్

హైవే బండికి మాత్రం నేను పూర్తి గడువే చెబుతాను. లెవెల్ నిలకడగా ఉండి, సరైన ఆయిల్ పోసి ఉంటే సగంలో పారబోయడానికి కారణం లేదు.

నాలుగోగేరు

ఆ హైవే బండి ట్రైలర్ లాగుతూ ఘాట్ ఎక్కితే నేను ఒప్పుకోను. నిండు లోడులో ఆయిల్ 120 డిగ్రీలు దాటొచ్చు. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ సుమారు రెట్టింపవుతుందని లెక్క. టర్బో బేరింగ్ దగ్గర వేడి ఇంకా ఎక్కువ, అక్కడ మాడిన ఆయిల్ సన్నటి ఫీడ్ పైపులో బొగ్గులా గడ్డకడుతుంది. ట్రైలర్ లాగిన కిలోమీటర్లను ఆ కాగితం మీద విడిగా రాసుకుని, ఒక్కోదాన్ని రెండుగా లెక్కేయండి.