బెయిల్ వచ్చినా షూరిటీలు లేక తమ్ముడు సబ్ జైల్లోనే ఉన్నాడు. ఎవరిని అడగాలి?

కుట్టుమిషన్ లక్ష్మి:

నమస్కారమండీ. మాది కోస్తాలో ఒక ఎరుకల కాలనీ. మా తమ్ముడు ఆటో నడుపుతాడు. ఎవరి పొలంలోనో బోరు మోటారు పోయిందని వాడి మీద దొంగతనం కేసు పెట్టి సబ్ జైలుకి పంపారు. సంక్రాంతికి ముందే బెయిల్ వచ్చింది. చెరో ఇరవై వేలకి ఇద్దరు షూరిటీలు కావాలన్నారు. మా కాలనీలో ఇళ్లకి పట్టాలు లేవు. ఇంటి పన్ను రసీదు ఉన్నవాళ్లు ఒకరిద్దరే, వాళ్లు ఇదివరకే వేరే కుర్రాళ్లకి పెట్టేశారు. మా మేనమామ ప్రకాశం జిల్లా నుంచి పాసు పుస్తకం పట్టుకుని వస్తే, పక్క జిల్లా షూరిటీ కుదరదన్నారు. కోర్టు బయట ఒకాయన మనుషుల్ని తనే తెస్తానని, పదిహేను వేలు ఇమ్మని అడుగుతున్నాడు.

ఉగాది కూడా వెళ్లిపోయింది. మొన్న ములాఖత్‌కి వెళ్తే వాడు ఇంకో సంగతి చెప్పాడు. లోపల మరుగుదొడ్లు కడిగే పని రోజూ వాడికీ, ఒక యానాది అబ్బాయికీ చెబుతున్నారట. వంట పనికి వేరేవాళ్లు. ఎందుకని అడిగితే "మీవాళ్లకి ఇది కొత్తా?" అన్నారట. చెబుతున్నంతసేపూ వాడు నా మొహం చూడలేదు.

వేరే జిల్లా షూరిటీ నిజంగానే పనికిరాదా? ఆ పని వాడు చేయాల్సిందేనా? నేను ఫిర్యాదు పెడితే లోపల వాడినేమైనా చేస్తారేమోనని భయంగా ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రవి, ఏలూరు:

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ జైలన్నాక ఇలాంటివి ఉంటాయి. లోపల ఉన్నవాడికి ఓటు హక్కే లేదు, ఇక మిగతా హక్కులు ఎక్కడివి? ఎలాగోలా అప్పు తెచ్చి ఆ పదిహేను వేలు ఇచ్చేసి తమ్ముణ్ణి బయటికి తెచ్చుకోండి. గొడవ పెట్టుకుంటే నష్టపోయేది మీరే.

సరోజ (పారా లీగల్ వాలంటీర్):

లక్ష్మీ, ముందు ఆ పదిహేను వేల మాట మర్చిపో. అద్దె షూరిటీల కాగితాలు దొంగవని తేలితే తమ్ముడి బెయిల్ పోతుంది, కొత్త కేసు నీ మెడకి కూడా చుట్టుకుంటుంది.

రవి గారూ, ఓటు గురించి మీరన్నది నిజమే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 62(5) సెక్షన్ అలాగే ఉంది. శిక్ష పడనివాళ్లు కూడా, జైల్లో ఉంటే ఓటు వేయలేరు. అదే మనిషి లోపలి నుంచే నామినేషన్ వేసి పోటీ చేయవచ్చు! నేరం రుజువు కాకముందే ఓటు లాగేసుకోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఆ ఒక్క హక్కూ పోయిందని మిగతావన్నీ పోవు. ఈ సంగతి తేల్చింది మన ప్రాంతం నుంచి వెళ్లిన కేసులే. విశాఖ సెంట్రల్ జైలు గోడ మీద పెట్టిన కరెంటు తీగ గురించి అక్కడి నక్సలైట్ ఖైదీలు సుప్రీంకోర్టుకి వెళ్లారు. శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లో కోర్టు చెప్పింది. ఇంకొకటి కోవెలకుంట్ల సబ్ జైలుది. రిమాండులో ఉన్న తండ్రీకొడుకులు మాకు ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నారు. 1977 మే నెలలో ఒక రాత్రి జైలు మీద బాంబులు పడి తండ్రి చనిపోయాడు, కొడుక్కి గాయాలయ్యాయి. చల్లా రామకృష్ణారెడ్డి కేసు అంటే అదే. ప్రభుత్వం నష్టపరిహారం కట్టాల్సిందేనని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక మనిషిని లోపల పెట్టి తాళం వేశాక అతని ప్రాణానికీ మర్యాదకీ పూచీ ప్రభుత్వానిదే. జైలన్నాక ఇవన్నీ ఉంటాయని మనమే అనేస్తే ఇక అడిగేదెవరు?

లక్ష్మీ, షూరిటీ సంగతి. మధ్యప్రదేశ్‌లో మోతీరాం అనే తాపీమేస్త్రీకి సరిగ్గా ఇదే జరిగింది. మేజిస్ట్రేటు పదివేల షూరిటీ అడిగి, అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసేశాడు. 1978లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని చెప్పి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఆ తీర్పులో మనవాళ్ల ప్రస్తావన కూడా ఉంది. ఒక ఆంధ్రుడినో మలయాళీనో బస్తర్‌లో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తి ఉన్న షూరిటీని ఎక్కడి నుంచి తెస్తాడని ఆయన అడిగారు. కాబట్టి మీ మేనమామని వద్దంటే ఆ ముక్క కాగితం మీద రాసిమ్మని మీ వకీలు చేత అడిగించు. షరతులు తగ్గించమని కూడా పిటిషన్ వేయించు.

దీనికి ఇంకో దారి కూడా ఉంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిల్ వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ విషయం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల దాటినా పూచీకత్తు పెట్టలేకపోతే కోర్టు తనంతట తనే షరతులు సడలించే విషయం చూడవచ్చు. నీ తమ్ముడి విషయంలో నెల ఎప్పుడో దాటింది కదా. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో పెట్టిన పథకం కింద రిమాండు ఖైదీ బెయిల్‌కి డబ్బు సాయం ఇచ్చే వీలుంది. దాన్ని పరిశీలించే జిల్లా కమిటీలో కలెక్టరు లేదా ఆయన తరఫు అధికారి, సేవాధికార సంస్థ కార్యదర్శి ఉంటారు. ఈ సంస్థ ఆఫీసు మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలి. వెళ్లడం కుదరకపోతే 15100కి ఫోన్ చెయ్యి.

ఇక మరుగుదొడ్ల సంగతి చదివి నాకు చాలా కోపం వచ్చింది. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఒక కులం వాళ్లకి ఊడ్చే పని, ఇంకో కులం వాళ్లకి వంట అని జైల్లో పంచడం రాజ్యాంగ విరుద్ధం, అందులో అంటరానితనం కూడా ఉంది. రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఒకప్పుడు నేరస్త తెగలని ముద్ర పడిన విముక్త జాతుల వాళ్లని పుట్టుకని బట్టి అలవాటు నేరస్తులుగా చూడవద్దంది. ఎరుకల వాళ్లకి ఇది ఎంత పెద్ద మాటో నేను నీకు చెప్పక్కర్లేదు. తెల్లవాళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చి స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు వేయించారు. 1952లో ఆ చట్టం రద్దయింది కానీ, "మీవాళ్లకి కొత్తా?" అన్న మాట మాత్రం పోలేదు. పైగా నీ తమ్ముడికి ఇంకా శిక్షే పడలేదు. రిమాండు ఖైదీ చేత బలవంతంగా చాకిరీ చేయించకూడదు.

ఫిర్యాదు వాడి చేత రాయించవద్దు, నువ్వే రాయి. జిల్లా జడ్జి గారికి ఒకటి, సేవాధికార సంస్థ కార్యదర్శికి ఒకటి రిజిస్టర్ పోస్టులో పంపు. రసీదులు దాచుకో. తేదీలు, ఏ పని చేయించారు, ఏ మాటన్నారు, అంతవరకే రాయి. తీహార్ జైల్లో తోటి ఖైదీని హింసించారని సునీల్ బత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని 1979 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. వకీలు వెళ్లి వాడితో మాట్లాడేటప్పుడు పక్కన జైలు సిబ్బంది ఉండాల్సిన పనిలేదు, ఆ సంగతి వకీలుకి గుర్తుచెయ్యి. మన కళ్లు వాడి మీద ఉన్నాయని లోపల తెలిస్తే చెయ్యి ఎత్తడానికి వెనకాడతారు. నేను చూసినంతలో ఎవరూ పట్టించుకోని కుర్రాళ్లకే ఎక్కువ ప్రమాదం.

తాలూకా ప్లీడరు:

సరోజ గారు చెప్పినవి చేయండి. ఒక్కటి కలుపుతాను. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో 479 సెక్షన్ ఉంది. ఇంతకుముందు ఏ శిక్షా పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉంటే పూచీకత్తు మీద వదలాలి. మామూలు దొంగతనానికి మూడేళ్లు గరిష్ఠం కాబట్టి ఏడాది అవుతుంది. అంతదాకా మాత్రం ఆగవద్దు. ముందు మీ తమ్ముడి మీద వేరే స్టేషన్ నుంచి పీటీ వారెంట్ (జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో కోర్టుకి హాజరుపరచమనే ఆదేశం) ఉందేమో వకీలు చేత కనుక్కోండి. ఉంటే ఈ కేసులో బెయిల్ పూర్తయినా బయటికి రాలేడు. ఇంకో కేసు పెండింగులో ఉంటే 479 కూడా అక్కరకు రాదు. కాలనీ కుర్రాళ్ల మీద పాత కేసులు తవ్వి పీటీ వారెంట్లు వేయడం నేను కోర్టులో చూస్తూనే ఉన్నాను.

కుట్టుమిషన్ లక్ష్మి:

సరోజక్కా, ప్లీడరు గారూ, చాలా థాంక్స్. 15100కి చేశాను. రేపు కాగితాలు తీసుకుని ఆఫీసుకి రమ్మన్నారు. ఆ యానాది అబ్బాయికి ములాఖత్‌కి ఎవరూ రారట. వాడి గురించి కూడా నేనే రాయొచ్చా? బంధువుని కాను కదా.

సరోజ:

రాయొచ్చు చెల్లీ. బత్రా కూడా తన కోసం కాదు, పక్కవాడి కోసం రాశాడు. ఆ అబ్బాయి పూర్తి పేరు, తండ్రి పేరు, ఏ స్టేషన్ కేసో ఈసారి ములాఖత్‌లో తమ్ముణ్ణి అడిగి తెలుసుకో. అదే ఉత్తరంలో కలిపేయకుండా వేరే కాగితం మీద రాయి. అప్పుడు వాడికీ విడిగా ఒక వకీలుని ఇస్తారు.