ఫ్రేజల్ వెర్బ్స్ పట్టుబడట్లేదు, మీరెలా నేర్చుకున్నారు?

ఓరుగల్లు_కుర్రాడు:
టెన్సులు బానే వచ్చాయి. గెట్, పుట్, టేక్ లాంటి క్రియల పక్కన అప్, ఆఫ్, ఔట్ తగిలించి కొత్త అర్థం తెచ్చే ఈ ఫ్రేజల్ వెర్బ్స్ దగ్గర మాత్రం బుర్ర మొరాయిస్తోంది. ఒక్క 'గెట్' కిందే రెండు పేజీల లిస్టుంది. బట్టీ పడితే వారం తిరక్కుండానే ఎగిరిపోతోంది. వచ్చే నెల ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష. ఏదైనా దారి చెప్పండి.

డాలస్_బాబాయ్:
ముందా లిస్టు పక్కన పడెయ్ తమ్ముడూ. విడివిడి మాటలు చూసి అర్థం లాగబోతే దెబ్బతింటావ్. "లైట్స్ వెంట్ ఆఫ్" అంటే ఆరిపోయాయని. "అలారమ్ వెంట్ ఆఫ్" అంటే మోగిందని! మా ఆఫీసులో ఫైర్ డ్రిల్ రోజు "వెన్ ది అలారమ్ గోస్ ఆఫ్, లీవ్ ద బిల్డింగ్" అని మెయిల్ వచ్చింది. అలారమ్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది, కొత్తగా చేరిన మనవాడు అది ఆగాక వెళ్దామని సీట్లోనే కూర్చున్నాడు. భుజం తట్టి మెట్లు దింపాల్సొచ్చింది. ఇప్పుడు వాడు ఈ ముక్క జన్మలో మర్చిపోడు.

టీచరమ్మ_తెనాలి:
ఇది మనకేం కొత్త కాదండీ. "నా మాట కొట్టిపారేశాడు" అంటాం, అక్కడ కొట్టిందీ లేదు, పారేసిందీ లేదు. మా పిల్లలకు 'అప్' ఇలా చెప్తాను: ఈట్ అంటే తిను, ఈట్ అప్ అంటే తినేయ్. డ్రింక్ అప్, తాగేయ్. యూజ్ అప్, వాడేయ్. ఏమీ మిగల్చకుండా పూర్తిచెయ్యడమన్నమాట.
ఇట్, దెమ్ లాంటివి వస్తే మాత్రం జాగ్రత్త. "టర్న్ ఆఫ్ ద ఫ్యాన్", "టర్న్ ద ఫ్యాన్ ఆఫ్" రెండూ సరే. కానీ "టర్న్ ఇట్ ఆఫ్" అనే అనాలి, "టర్న్ ఆఫ్ ఇట్" తప్పు. అన్నీ ఇలా విడిపోవు. 'లుక్ ఆఫ్టర్' (బాగోగులు చూసుకోవడం) ఉంది చూడండి, "లుక్ ఆఫ్టర్ హర్" అంతే.

పప్పుచారు:
తినేయ్ లాజిక్ బావుంది మేడమ్. మరి 'గెట్ అప్', 'షో అప్' సంగతో?

టీచరమ్మ_తెనాలి:
అక్కడ పనిచెయ్యదు. గెట్ అప్‌లో అప్ అచ్చంగా పైకే. షో అప్ అంటే రావడం, కనబడటం; అది మాత్రం వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవాల్సిందే, వేరే గతి లేదు.

బెజవాడ_బుల్లెట్:
మనం సొంతంగా తగిలించేవీ ఉన్నాయ్. తట్టుకుని నెట్టుకురావడానికి "కోప్ అప్ విత్" అంటుంటాం, మధ్యలో ఆ అప్ దండగ, "కోప్ విత్" చాలు. అమెరికా వాళ్ల ఇంటర్వ్యూలో "ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2019" అన్నారనుకోండి, స్పృహ తప్పి పడిపోయారా అనుకుంటారు. గ్రాడ్యుయేటెడ్ అంటే గొడవ లేదు.

డాలస్_బాబాయ్:
😂 నిజమే. తమ్ముడూ, పరీక్ష విషయానికొస్తే రైటింగ్‌లో పోస్ట్‌పోన్, టాలరేట్ హాయిగా రాసెయ్. మాట్లాడేటప్పుడు వాటి బదులు పుట్ ఆఫ్ (వాయిదా వేయడం), పుట్ అప్ విత్ (భరించడం) వాడు. నోట్లో నాలుగైదు సహజంగా తిరిగితే చాలు, యాభై కుక్కితే కృతకంగా ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగినదాని మీద రెండు వాక్యాలు రాసి పైకి చదువు. "వి రాన్ ఔట్ ఆఫ్ గ్యాస్", అలాగన్నమాట. సిలిండరు అయిపోయిన రోజే రాస్తే అసలు మర్చిపోవు.

ఓరుగల్లు_కుర్రాడు:
థాంక్స్ బాబాయ్, థాంక్యూ మేడమ్. లిస్టు మూసేశా. ఒక్క డౌటు, ఫార్మ్‌ని 'ఫిల్ ఇన్' చెయ్యాలా, 'ఫిల్ ఔట్' చెయ్యాలా?

టీచరమ్మ_తెనాలి:
రెండూ ఒకటే బాబూ. బ్రిటన్‌లో ఇన్ ఎక్కువ వినిపిస్తుంది, అమెరికాలో ఔట్. పరీక్షలో ఏదైనా చెల్లుతుంది.