పదేళ్ళ నుంచి: సిన్సా, ఫరా?

అరసున్న:
ఎస్సెస్సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) ఇంగ్లిష్‌లో సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్, అంటే వాక్యాన్ని దిద్దే బిట్లు వస్తాయి కదా, వాటి మీద ఒక భాషా సందేహం. ఈ వాక్యం చూడండి:

'హి ఈజ్ వర్కింగ్ ఇన్ దిస్ ఆఫీస్ సిన్స్ టెన్ ఇయర్స్.'

'ఈజ్ వర్కింగ్' దగ్గర్నుంచి చివరిదాకా గీత గీసి ఉంది. ఆప్షన్లు:
ఎ) హాజ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ ఆఫీస్ సిన్స్ టెన్ ఇయర్స్
బి) హాజ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ ఆఫీస్ ఫర్ టెన్ ఇయర్స్
సి) ఈజ్ వర్కింగ్ ఇన్ దిస్ ఆఫీస్ ఫర్ టెన్ ఇయర్స్
డి) మార్పు అక్కర్లేదు

తెలుగు మీడియంలో చదివినవాళ్ళు 'డి' వైపే మొగ్గుతారు. 'అతను పదేళ్ళ నుంచి ఈ ఆఫీసులో పనిచేస్తున్నాడు' అన్నది మనకు నిక్షేపంలాంటి వాక్యం మరి. ఇంతకీ ఈ 'నుంచి'కి ఇంగ్లిష్‌లో సరైన మాట ఏది?

పలక బలపం:
అరసున్న గారూ, దీనికి ఒకే మాట దొరకదు. ముందు తెలుగులోనే ఒక వాక్యం తీసుకోండి: 'ఐదు గంటల నుంచి వాన పడుతోంది.' గడియారంలో ఐదు కొట్టినప్పుడు మొదలైందనా, మొదలై ఐదు గంటలు గడిచాయనా? రెండూ కుదురుతాయి. మొదటిదైతే 'సిన్స్ ఫైవ్ ఓ క్లాక్', రెండోదైతే 'ఫర్ ఫైవ్ అవర్స్'. మన 'నుంచి' మొదలైన క్షణాన్నీ చెబుతుంది, గడిచిన కాలాన్నీ చెబుతుంది. ఇంగ్లిష్ ఆ రెంటినీ విడదీస్తుంది.

అలా విడదీసే పనిముట్టు మనకూ ఉంది. అది 'గా' ప్రత్యయం. 'ఐదు గంటలుగా వాన పడుతోంది' అనండి, ఇక గడియారం ఊసే లేదు, గడిచిన కాలం ఒక్కటే మిగిలింది. పరీక్షలో కూడా ఇదే వాడొచ్చు. 'నుంచి' తీసేసి 'గా' పెట్టండి. పదేళ్ళుగా, మూడు రోజులుగా, గత రెండు నెలలుగా అని నప్పితే 'ఫర్'. 2015గా, సోమవారంగా, ఉదయంగా అంటే నాలుక ఒప్పుకోదు, అక్కడ 'సిన్స్'. 'సిన్స్ ది లాస్ట్ టూ మంత్స్' అనే తప్పు కూడా ఈ గాలానికే చిక్కుతుంది.

వల్లె వేయించే విభక్తుల్లో పంచమి కింద 'వలనన్, కంటెన్, పట్టి' అనే ఉంటాయి, రోజూ నోట్లో నానే 'నుంచి' ఆ వరసలో లేదు. దాని కాలార్థాల్ని బడిలో విడిగా చెప్పకపోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

కొసమెరుపు:
'గా' చిట్కా బాగుంది గానీ ఒకచోట బెడిసికొడుతుంది మాస్టారూ. 'ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నారు' అన్నప్పుడు 'ఎప్పుడుగా' అనలేం కాబట్టి 'సిన్స్' అనుకుంటారు. నిజానికి అది 'ఫర్ ఎ లాంగ్ టైమ్'. 'ఎంతోకాలంగా' అని మార్చుకున్నాకే చిట్కా పనిచేస్తుంది. 'ఏళ్ళ తరబడి'కి కూడా 'ఫర్ ఇయర్స్'.

మూడో దారి కూడా ఉంది. 'వరకు', 'దాకా' తోడుంటే 'ఫ్రమ్'. పది నుంచి ఐదు వరకు అంటే 'ఫ్రమ్ టెన్ టు ఫైవ్'. ఇంకా మొదలవని పనికీ అంతే: 'వచ్చే సోమవారం నుంచి సెలవులు' అన్నచోట 'సిన్స్' పెడితే తప్పు.

పలక బలపం:
'ఎప్పటి నుంచో' నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారు.

ఇక క్రియ సంగతి. అసలు బిట్ పోయేది ఎక్కువగా ఇక్కడే. 'పనిచేస్తున్నాడు' అన్న ఒక్క రూపంతో మనం ఈ నిమిషం చేస్తున్న పనినీ చెబుతాం, పదేళ్ళుగా సాగుతున్న పనినీ చెబుతాం. ఇంగ్లిష్‌లో మొదటిదానికి 'ఈజ్ వర్కింగ్', రెండోదానికి 'హాజ్ బీన్ వర్కింగ్'. అంటే పై వాక్యంలో తప్పులు రెండు. 'ఎ' ఒకదాన్ని దిద్దింది, 'సి' రెండోదాన్ని దిద్దింది, 'బి' ఒక్కటే రెంటినీ దిద్దింది. ఈ బిట్ల అల్లిక తరచూ ఇలాగే ఉంటుంది. అందుకే ఒక తప్పు కనిపించగానే ఆగిపోకూడదు. ఆప్షన్లను పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ తేడా ఉందో చూడాలి. ఇక్కడ తేడా రెండుచోట్ల: ఈజ్, హాజ్ బీన్ ఒకచోట, సిన్స్, ఫర్ ఇంకోచోట. మొదటి తేడా తేలగానే 'సి', 'డి' కలిసి పోతాయి. రెండోది తేలితే 'ఎ' పోతుంది. నాలుగు వాక్యాలూ పూర్తిగా చదవక్కర్లేదు.

'పదేళ్ళు పనిచేశాడు' అన్నచోట 'నుంచి' లేదు, 'గా' లేదు. పని అయిపోయింది. అది 'వర్క్‌డ్ ఫర్ టెన్ ఇయర్స్'. 'ఫర్' కనబడగానే 'హాజ్ బీన్' పెట్టేయకండి.

అరసున్న:
మరి 'హాజ్ బీన్ నోయింగ్' ఎందుకు తప్పు? అక్కడా కాలం సాగుతూనే ఉంది కదా.

కొసమెరుపు:
దానికి మన 'తెలుసు' సాక్ష్యం పలుకుతుంది. 'నాకు అతను పదేళ్ళుగా తెలుసు' అంటాం. 'తెలుసుతున్నాడు' అనే రూపమే లేదు. ఇంగ్లిష్‌లోనూ 'హావ్ నోన్' అనాలి. కానీ ఈ పోలికను మరీ దూరం లాగకండి. 'నమ్ముతున్నాను' మనకు సహజం, 'ఐ యామ్ బిలీవింగ్' మాత్రం పరీక్షలో తప్పే. నో, బిలీవ్, ఓన్, బిలాంగ్ లాంటివి విడిగా గుర్తుపెట్టుకోవలసిందే.

ఇంకో ఉచ్చు: 'ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్ సిన్స్ హి లెఫ్ట్.' 'అతను వెళ్ళి పదేళ్ళయింది.' ఇక్కడ 'టెన్ ఇయర్స్' పక్కన 'సిన్స్' చూసి కొట్టేస్తారు. ఆ 'సిన్స్' పదేళ్ళది కాదు, అతను వెళ్ళిన ఘడియది. వాక్యం ఒప్పు. 'హి హాజ్ లెఫ్ట్' అని దిద్దితేనే చెడుతుంది.

మార్కుల మాట కూడా చెబుతాను. సీజీఎల్ మొదటి దశ అయిన టియర్ వన్‌లో ఒక్కో బిట్‌కు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. రెండు ఆప్షన్లు కచ్చితంగా పోయాయంటే మిగిలిన రెంటిలో ఒకటి పెట్టేయడమే లాభం, సగటున 0.75 చేతికొస్తుంది.

పలక బలపం:
జీమ్యాట్ (మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష) రాసేవాళ్ళకు ఒక మాట: 2023 నవంబరులో వచ్చిన దాని కొత్త రూపం ఫోకస్ ఎడిషన్‌లో సెంటెన్స్ కరెక్షన్ అనే ఇలాంటి బిట్లను తీసేశారు. పాత పుస్తకాలు ముందేసుకుని దానికోసం రోజులు పోగొట్టుకోకండి.

అరసున్న:
నాలుగు చేసి చూశాను, దిద్దండి.
1. 'ఇట్ ఈజ్ రెయినింగ్ సిన్స్ మార్నింగ్': 'హాజ్ బీన్ రెయినింగ్'.
2. 'ఐ యామ్ నోయింగ్ హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్': 'హావ్ నోన్'.
3. 'ది షాప్ విల్ రిమెయిన్ క్లోజ్‌డ్ సిన్స్ మండే': 'ఫ్రమ్ మండే'.
4. 'షి వాజ్ టీచింగ్ దేర్ ఫర్ సిక్స్ ఇయర్స్ వెన్ ది స్కూల్ క్లోజ్‌డ్': 'హాజ్ బీన్ టీచింగ్'.

పలక బలపం:
మొదటి మూడూ ఒప్పు. నాలుగోది 'హ్యాడ్ బీన్ టీచింగ్'. 'బడి మూతపడేనాటికి ఆమె అక్కడ ఆరేళ్ళుగా పాఠాలు చెబుతోంది' అని మనం 'చెబుతోంది'తోనే సరిపెట్టేస్తాం, అదే మిమ్మల్ని 'హాజ్' వైపు లాగింది. ఆ ఆరేళ్ళు వచ్చి ఆగింది ఇవాళ దగ్గర కాదు, బడి మూతపడిన రోజు దగ్గర. ఇంగ్లిష్ వాక్యంలో 'క్లోజ్‌డ్' కింద వేలు పెట్టి, తెలుగులో 'నాటికి' అని చదువుకోండి. ఆ మాట పలికిన చోట 'హాజ్' కాస్తా 'హ్యాడ్' అవుతుంది.